ఎర్రబడిన ఉప్పుచేప

మా అన్నయ్య కొడుకు ఆనందరావుకు కొత్తవలసలో సిమెంటు, ఇనుము దుకాణం ఉంది. వాడు మా ఇంటికి ఏ పని మీద వచ్చినా ముందు పళ్ళ సంచి బల్లమీద పెడతాడు, తరువాత నా మోకాళ్ళ నొప్పి గురించి అడుగుతాడు, ఆ తరువాతే అసలు సంగతికి వస్తాడు. కిందటి శనివారం విజయనగరం వచ్చినప్పుడు మాత్రం ఈ వరస తప్పాడు. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే, "అత్తా, నువ్వొక సంతకం పెట్టాల," అన్నాడు. వాడి వెనక వాడి కూతురు దీవెన నిలబడి ఉంది. ఇంటరు మొదటి సంవత్సరం చదువుతున్న పిల్ల. చేతిలో నిగనిగలాడే రంగుల పుస్తకం ఒకటి ఉంది గాని, అది తనది కాదన్నట్టు ఒంటికి దూరంగా పట్టుకుంది.

ఆ పుస్తకం విశాఖపట్నంలోని ఒక కన్సల్టెన్సీ వారిది. పేరున్న ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో సీటు రావాలంటే ఇప్పుడు మార్కులు చాలవట, పిల్ల అప్పటికే ఏదో ఒక పరిశోధన చేసి ఉండాలట. ఆ పరిశోధనను వారు వెండి, బంగారం, ప్లాటినం అని మూడు తరగతులుగా అమ్ముతున్నారు. వెండి కొనుక్కుంటే పరిశోధనపత్రం మీద పిల్ల పేరు నాలుగోది. బంగారానికి రెండోది. ప్లాటినానికి మొదటిది, పైగా ఫోటో. విషయం ఎంచుకునే శ్రమ కూడా పిల్లలకు పెట్టరు. పెళ్ళిళ్ళ వంటవాడు చూపించే పదార్థాల పట్టీలాగా చివరి పుటల్లో విషయాలు వరసగా అచ్చయి ఉన్నాయి. దీవెనకు దక్కినది 'నానో కణాలతో తాగునీటి శుద్ధి: ఒక మెషీన్ లెర్నింగ్ దృక్పథం'. రసాయనశాస్త్రం చదివి, ఉద్యోగ జీవితమంతా దాని మీదే బతికినదాన్ని నేను. ఆ శీర్షికలో నాకు సందేహం లేకుండా అర్థమైనది తాగునీరు ఒక్కటే.

"పేపరంతా రెడీ అయిపోనాది అత్తా," అన్నాడు ఆనందరావు. "పిల్లకి పని నేర్పినట్టు ఒక సైంటిస్టు సంతకం గావాలట. ఆళ్ళే పెట్టిస్తామన్నారు గానీ దానికి వేరే రేటు. ఇంట్లోనే సైంటిస్టుని పెట్టుకుని బయటోళ్ళకి ఇయ్యడమేటని నేనే వద్దన్నాను."

"పని ఎవరు చేశారురా?"

"ఆళ్ళే సేసేరు."

"మరి దీవెన ఏం చేసింది?"

"పేరిచ్చింది కదేటి!"

నా సంతకం గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. నేను పనిచేసింది ఫెర్రో మాంగనీసు కర్మాగారపు ప్రయోగశాలలో. లారీల్లో వచ్చిన ఖనిజంలో మాంగనీసు ఎంత, సిలికా ఎంత, భాస్వరం ఎంత అని తేల్చి, కాగితం అడుగున సంతకం చేయడం నా వృత్తి. ఆ సంతకం మీద లారీ లోపలికి రావడమో వెనక్కి తిరగడమో ఆధారపడి ఉండేది. అందువల్ల ఖనిజం అమ్మేవాళ్ళు నన్ను అక్కా అన్నారు, అమ్మా అన్నారు, క్రిస్మసుకు కేకులు పంపారు. కేకులు నేను సెక్యూరిటీ వాళ్ళకు పంచేదాన్ని, భాస్వరం శాతం మాత్రం ఎంత ఉంటే అంతే ఉండేది. ఇప్పుడు ఆ సంతకాన్ని మా అన్నయ్య కొడుకు ఇంటి పెరట్లో కాసిన ములక్కాడలాగా తెంపుకు పోదామని వచ్చాడు. భోజనాలయ్యాక చూద్దామని చెప్పి వంటింట్లోకి వెళ్ళాను. ఆ పూట నేను వండినది ఉప్పుచేప, వంకాయ. మూత తీయగానే వాసన హాల్లోకి పోయింది. దీవెన ముక్కు మూసుకోకపోగా పీట లాక్కుని పొయ్యి దగ్గరే కూర్చుని, "మామ్మా, ఉప్పు వేస్తే చేప ఎందుకు చెడిపోదు?" అని అడిగింది.

"చెడిపోతుంది," అన్నాను. "ఉప్పు వల్లనే చెడిపోవడం కూడా ఉంది." ఆ మాట అన్నాక, ముగ్గురం కంచాల ముందు కూర్చున్నప్పుడు ఆ కథంతా చెప్పక తప్పలేదు.

మేము శ్రీకాకుళంలో మిషను కాంపౌండులో, వరసగా కట్టిన చిన్న క్వార్టర్లలో ఉండేవాళ్ళం. నాన్న ఆసుపత్రిలో కాంపౌండరు. ఆయన చొక్కాకు ఎప్పుడూ టింక్చరు వాసన ఉండేది. తెల్లవారగానే అందరం చాప మీద కూర్చుంటే ఒక అధ్యాయం చదివేవారు, తరువాత ప్రార్థన, తరువాత చోడి అంబలి, అంటే రాగి జావ. ఈ మూడింటి వరస తప్పితే ఆయనకు రోజంతా తలనొప్పే. సీసాలకు చీటీలు అంటించే మనిషి గనక ఇంట్లో కూడా ప్రతిదానికీ చీటీ ఉండేది. కారం డబ్బాకు 'కారం', పంచదార డబ్బాకు 'పంచదార', అద్దం సీసాలో స్పష్టంగా కనబడుతున్న ఆవకాయకు కూడా 'ఆవకాయ'. అమ్మ నవ్వితే, "నీకు కనబడతాది. కరెంటు పోయినప్పుడు నీ చెయ్యికి కనబడతాదా?" అనేవారు. కరెంటు పోతే చీటీ మాత్రం ఎలా కనబడుతుందని అమ్మ ఒకసారి అడిగింది. నాన్న లేచి అగ్గిపెట్టెకు కూడా ఒక చీటీ అంటించారు.

మా నాయనమ్మ ఎస్తేరమ్మది కళింగపట్నం. ఊళ్ళో ఉప్పుచేపల టోకు వ్యాపారం ఆమెది. సెలవులు రాగానే మమ్మల్ని బస్సెక్కించేవారు. ఊరు ఇంకా రాకముందే వాసన వచ్చేది, దాన్ని బట్టే అన్నయ్య సంచి సర్దుకునేవాడు. ఇసుక మీద వలలు పరిచి ఎండబెట్టిన నెత్తళ్ళు ఒక వాసన, తొట్టిలో ఉప్పు దట్టించిన పెద్ద చేపలు ఇంకొక వాసన, రెండూ కలిసి నాయనమ్మ చీరలో మూడో వాసన. ఆమె పొద్దున్నే తొట్ల దగ్గరికి వెళ్ళి, ఒక చేప పొర, ఒక ఉప్పు పొర చొప్పున పేర్పిస్తూ, ఉప్పు తక్కువ వేసిన చేతిని మాటతోనే కొట్టేది. "ఒసే, ఉప్పేస్తన్నావా, ముగ్గేస్తన్నావా?" సాయంత్రం వాకిట్లో కూర్చుని కీర్తన పాడుతూ, మధ్యలో ఆపి బేరం కుదుర్చుకుని, ఆపిన చరణం దగ్గర నుంచే మళ్ళీ ఎత్తుకునేది.

ఆ ప్రశాంతతను చెరిపేది వానాకాలపు ఎరుపు. ముసురు పట్టిన రోజుల్లో, ఉప్పు బాగా పట్టి, చక్కగా ఎండిన చేప మీద కూడా గులాబీ రంగు పొర ఒకటి కమ్మేది. ముట్టుకుంటే జిగురు. ఒక బుట్టలో మొదలైతే పక్క బుట్టకు పాకేది. టోకు కొనేవాళ్ళు అటు చూసి ఇటు తిరిగిపోయేవారు. ఇది ఎందుకు వస్తుందో ఊళ్ళో ప్రతివారికీ తెలుసు, కాకపోతే ఒక్కొక్కరికి ఒక్కొక్కలా తెలుసు. చేప నెత్తురు ఊరిందని ఒకరు, పడవకు వేసిన రంగు అంటిందని ఒకరు. నాయనమ్మకైతే అనుమానమే లేదు, ఎదురింటి సూరమ్మ దిష్టి. ఆదివారం చర్చికి వెళ్ళొచ్చి, ఆ మధ్యాహ్నమే ఉప్పూ మిరపకాయలూ తిప్పి నిప్పుల్లో వేసేది. "నాయనమ్మా, ప్రభువు దిష్టిని నమ్మడు కదా," అని నేనంటే, "ప్రభువు దిష్టిని నమ్మడు, సరే. దిష్టి ప్రభువుని నమ్మాల కదే!" అనేది.

నేను అప్పుడు తొమ్మిదో తరగతి. దిష్టి సిద్ధాంతంలో నాకు కనబడిన లోపం ఒక్కటే. సూరమ్మ అన్ని బుట్టలనూ ఒకేలా చూసేది గాని, ఎరుపు మాత్రం కొన్ని బుట్టలకే వచ్చేది. అందుకని ఒకే పడవలో వచ్చిన, ఒకే జాతి, దాదాపు ఒకే బరువున్న చేపలు తీసుకుని, ఒకేలాంటి కుండల్లో, ఒకే గుడ్డతో మూతి కట్టి పెట్టాను. తేడా ఒక్క ఉప్పులోనే. ఒక కుండలో ఉప్పుమళ్ళ నుంచి వచ్చిన ఉప్పు వచ్చినట్టే వేశాను. రెండో కుండలో అదే ఉప్పును ఇనుప మూకుడులో బాగా వేయించి, చల్లార్చి వేశాను. ముసురు పట్టింది. పచ్చి ఉప్పు చేప ఎర్రబడింది, వేయించిన ఉప్పు చేప తెల్లగానే ఉంది. తరువాత తెల్లటి చేపను రెండుగా కోసి, ఒక ముక్కకు ఆ ఎర్రటి జిగురు కాస్త అంటించి, రెండో ముక్కను వేరే కుండలో అలాగే ఉంచాను. అంటించిన ముక్క ఎర్రబడింది, రెండోది ఎర్రబడలేదు. అంటే ఆ ఎరుపు ఉప్పులోనే వస్తోంది, అది బతికి ఉన్నది, వేడికి చస్తుంది. ఉప్పులో పుట్టి, ఉప్పు తిని బతికే ప్రాణి ఏమిటో నాకు తెలియదు. దాన్ని ఒక్కసారి కళ్ళతో చూడాలని మాత్రం తిండి సహించనంత కోరిక పుట్టింది. నాయనమ్మ అభిప్రాయం వేరు. "నీ సదువుకి నా సేపలు బలి! దేవుడు అబ్రాహాముకి కొడుక్కి బదులు పొట్టేలునైనా సూపించేడు."

చూడాలంటే సూక్ష్మదర్శిని కావాలి. మా హైస్కూల్లో ఒకటి ఉండేది. అద్దాల బీరువాలో, పసుపుపచ్చ పట్టుగుడ్డ కప్పుకుని, కొత్తకోడలిలా కూర్చుని ఉండేది. బీరువా తాళం హెడ్మాస్టరు గారి జంధ్యానికో మొలతాడుకో ఉంటుందని మా తరగతిలో రెండు వాదాలు ఉండేవి. సైన్సు మాస్టారు సింహాచలం గారు సూక్ష్మదర్శిని బొమ్మ బోర్డు మీద అద్భుతంగా వేసేవారు. భాగాలన్నీ గుర్తింపజేసి, మాతో వల్లె వేయించేవారు. నేను వెళ్ళి నా ఉప్పుచేప ఎరుపు సంగతి చెప్పి, ఒకసారి చూడనిమ్మని అడిగితే ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "భాగములు గుర్తించుటకు మార్కులున్నాయి. చూచుటకు లేవు కదమ్మా," అన్నారు. ఆ పరికరం బీరువా దిగే సందర్భాలు రెండే. ఒకటి తనిఖీ, రెండోది దసరాకు ఆయుధపూజ. ఆ రోజు అటెండరు అప్పన్న పసుపు కుంకుమల పళ్ళెం పట్టుకుని స్కూలంతా తిరిగేవాడు. బడిగంటకు, టైపు మిషనుకు, తూకపు రాళ్ళకు, అస్థిపంజరం నుదుటికి, గ్లోబుకు సరిగ్గా భూమధ్యరేఖ మీద, సూక్ష్మదర్శినికి నడినెత్తిన, తడి కుంకుమతో నిండుగా బొట్లు పెట్టేవాడు. అప్పన్న భక్తిలో లోటు లేదు. సూక్ష్మదర్శినికి నడినెత్తిన ఉండేది కన్ను అని అతనికి ఎవరూ చెప్పలేదు, అంతే. చెప్పవలసినవాళ్ళు ఆ భాగాన్ని బోర్డు మీదే గుర్తించి ఊరుకున్నారు.

ఇక జిల్లా వైజ్ఞానిక ప్రదర్శన. దానికి మా స్కూలు ఏటా ఒకే ఆనకట్టను పంపేది. ఎప్పుడో ఒక వడ్రంగి చేసిన చెక్క ఆనకట్ట అది. నీలం రంగు నీళ్ళు, తలుపులు, మీట నొక్కితే వెలిగే బల్బులు. ప్రతి సంవత్సరం ఏదో ఒక పెద్దింటి అబ్బాయి పేరు దాని కింద అంటించేవారు. చీటీ మీద చీటీ పడి పడి ఆ అంచు పుస్తకం అట్టంత మందం అయింది. ఆ ఏడాది ఆనకట్ట నిర్మాత రైసుమిల్లు వారి అబ్బాయి అని తేలిపోయింది కూడా. ఇంతలో పైనుంచి ఉత్తరువు వచ్చింది. పాఠశాల ప్రయోగశాల పరికరాన్ని ఉపయోగించి విద్యార్థి స్వయంగా చేసిన పరిశీలనకే ఈసారి ప్రాధాన్యం. మా స్కూల్లో ప్రయోగశాల పరికరం అంటే బీరువాలోని కొత్తకోడలే. కోడలు దొరికింది, ఇక అందులో పెట్టి చూపించడానికి ఏదో ఒకటి కావాలి. సింహాచలం మాస్టారికి అప్పుడు నా ఉప్పుచేప గుర్తొచ్చింది.

ప్రదర్శనకు న్యాయనిర్ణేతగా కాలేజీ జంతుశాస్త్ర లెక్చరరు రాబోతున్నారు. నెగ్గిన విద్యార్థికి వేసవి సెలవుల్లో తమ ప్రయోగశాలలో కూర్చుని పనిచేసుకునే అవకాశం ఇస్తామని ఆయన మాట ఇచ్చారు. కప్పులు, పతకాలు నాకు కనబడలేదు. కాలేజీ ప్రయోగశాలలో ఒక బల్ల, ఒక వేసవి, ఆ ఎరుపు పేరు తెలుసుకోవడం, ఇవి మాత్రమే కనబడ్డాయి. తొమ్మిదో తరగతి పిల్లకు, అందులోనూ కాంపౌండరు కూతురికి, అలాంటి తలుపు ఇంకొకటి ఆ జిల్లాలో లేదు.

ఆ రోజు స్టాఫ్ రూములో బల్లమీద సూక్ష్మదర్శినిని ప్రతిష్ఠించారు. నేను టిఫిను డబ్బాలో చేప తెచ్చాను. గది తలుపులన్నీ తెరిచారు. మాస్టారు ఎర్ర జిగురును ఉప్పునీటిలో కలిపి గాజుపలక మీద వేసి, అద్దం తిప్పి, కన్ను ఆనించి, "ఆహా!" అన్నారు. హెడ్మాస్టరు గారు చూశారు. "ఎర్రగా ఉన్నాదయ్యా!" అన్నారు. ఇక వరస కట్టారు. డ్రిల్లు మాస్టారు అవి కదులుతున్నాయన్నారు. లెక్కల మాస్టారు లెక్కపెట్టడానికి వీల్లేనన్ని ఉన్నాయన్నారు. తెలుగు మాస్టారు ఎక్కువసేపు చూసి, నిట్టూర్చి, "రక్తబీజుడు! ఒక్కొక్క బొట్టుకు ఒక్కొక్కడు పుడుతున్నాడు," అన్నారు. అందరి తరువాత నాకు అవకాశం వచ్చింది.

ఎర్రటి మబ్బు, అందులో ముదురు చుక్కలు. నిజానికి చాలా అందంగా ఉంది. కాని నేను గాజుపలకను కాస్త పక్కకు జరిపితే చుక్కలు జరగలేదు. పలకను పూర్తిగా తీసేశాను. చుక్కలు అక్కడే ఉన్నాయి. కన్ను పెట్టే గొట్టాన్ని చేత్తో మెల్లగా తిప్పాను. చుక్కలు గొట్టంతో పాటు గుండ్రంగా తిరిగాయి. ఎన్నో దసరాల కుంకుమ ఆ కటకానికి అంటుకుని ఉంది.

"మాస్టారూ, పలక తీసేసినా ఎర్రగానే ఉందండీ," అన్నాను.

"అంటే ఏటి?" అన్నారు హెడ్మాస్టరు గారు.

"ఇది చేపది కాదండీ. కుంకుమండీ."

"మరి మేమంతా సూసింది?"

"కుంకుమేనండీ."

డ్రిల్లు మాస్టారు కిటికీలోంచి బయటికి చూశారు. తెలుగు మాస్టారు రక్తబీజుణ్ణి మళ్ళీ ప్రస్తావించలేదు. నేను ఊరుకోకుండా, నాన్ననడిగి తెచ్చిన స్పిరిటు, దూది సంచిలోంచి తీశాను. హెడ్మాస్టరు గారు చెయ్యి అడ్డం పెట్టారు. "పూజ చేసిన వస్తువది. మీ ఇంట్లో కుంకుమ పట్టింపు లేకపోవచ్చు. మాకున్నాది." నాకు కుంకుమ మీద ఏ కోపమూ లేదు. పక్కింటివాళ్ళ నోములకు పంచిన శనగలు తిని పెరిగినదాన్ని. అది కటకం మీద ఉండటమే నా అభ్యంతరం. ఆ మాట చెప్పేలోగా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సింహాచలం మాస్టారు నన్ను వరండాలోకి తీసుకెళ్ళారు. ఆయన చెడ్డవారు కారు, అందుకే ఆయన మాట ఇంత కాలం గుర్తుండిపోయింది. "పిచ్చితల్లీ, నీ సేప ఎర్రగున్నాదా? ఉన్నాది. కళ్ళు పెట్టిన వాళ్ళకి ఎరుపు కనబడతన్నాదా? కనబడతాది. జడ్జీలకీ అదే కనబడతాది. నీ సంగతి నిజమే కదా, ఇంక నీకేటి నష్టం?"

"తుడిచి చూద్దామండీ," అన్నాను. హెడ్మాస్టరు గారు గంట కొట్టించడానికి వెళ్ళినప్పుడు, మాస్టారు గుమ్మం వైపు చూస్తూ తుడవనిచ్చారు. మళ్ళీ పలక పెట్టి చూశాను. ఎరుపు లేదు. రంగేమీ లేని సన్నటి పుల్లల వంటివి, ఉన్నాయో లేవో అన్నట్టు, నీళ్ళలో వణుకుతున్నాయి. కుప్పగా ఉంటే ఎరుపు, ఒక్కొక్కటిగా చూస్తే రంగే తెలియదు. అంత గొప్ప విషయం నేను అంతకుముందు చూడలేదు. మాస్టారు చూసి, "ఇందులో ఏటున్నాది? జడ్జీలకి ఏటి సూపిస్తావు?" అన్నారు. ఆ సాయంత్రానికే నిర్ణయం మారింది. ఆనకట్ట వెళ్ళింది. బల్బులు వెలిగించే బ్యాటరీని ప్రయోగశాల పరికరంగా లెక్క వేశారు. ఆనకట్టకే మొదటి బహుమతి. రైసుమిల్లు వారి అబ్బాయి ఆ వేసవిలో కాలేజీ ప్రయోగశాలకు ఒక్కరోజు కూడా వెళ్ళలేదని తరువాత విన్నాను. వాళ్ళు ఊటీ వెళ్ళారు.

ఇంటికి వచ్చి ఏడిస్తే నాన్న ఓదార్చలేదు. ఏ దూదితో తుడిచావు, స్పిరిటు ఎంత వాడావు, కటకం గీసుకుపోలేదు కదా అని అడిగారు. అన్నీ విన్నాక, "తప్పు చీటీ మంచి మందు మీదున్నా తప్పు చీటీయే," అని అంబలి గిన్నె నావైపు తోశారు. కాలేజీలో చేరాక ఒక లావాటి పుస్తకంలో ఆ ఎర్రటి ప్రాణి గురించి చదివాను. దానికి నేను పుట్టకముందే పేరు పెట్టేశారు. అరగంట ఏడ్చి, తరువాత ఆ పుటను మూడుసార్లు చదివాను.

ఈ కథంతా అయ్యేసరికి మా ముగ్గురి చేతులూ కంచాల్లోనే ఎండిపోయాయి. చెబుతూ చెబుతూ నాకొక పోలిక తట్టింది. మా కాలంలో అవకాశాన్ని బీరువాలో పెట్టి తాళం వేసేవారు. ఇప్పుడు బీరువా తలుపులు తీసేసి, లోపలున్నదాన్ని పొట్లం కట్టి ఇంటికే పంపుతున్నారు. పిల్ల చేతికి పరికరం అప్పుడూ అందలేదు, ఇప్పుడూ అందడం లేదు. అయితే మా హెడ్మాస్టరు గారు ఒక విషయంలో ఈ కన్సల్టెన్సీ కంటే మెరుగు. ఆయన ఎరుపు కనబడిందని నమ్మారు. వీళ్ళకు నమ్మవలసిన అవసరం కూడా లేదు.

"అదంతా పాతకాలం అత్తా," అన్నాడు ఆనందరావు. "ఇప్పుడు పక్కింటి పిల్లకి పేపరున్నాది, ఎదురింటి పిల్లకి రెండున్నాయి. ఎవుడికీ లేని నీతి నా కూతురికెందుకు? సీటు రాకపోతే నువ్విస్తావేటి?"

ఆ ప్రశ్నలో అన్యాయం లేదు. నేను దీవెన వైపు తిరిగాను. "నువ్వు స్వయంగా ఏమీ ప్రయత్నించలేదా?"

ప్రయత్నించిందట. విశ్వవిద్యాలయాల్లో ఉన్న ఆచార్యులకు కనబడినన్ని మెయిళ్ళు పంపిందట. చాలామంది జవాబివ్వలేదు. ఒకాయన, తమ పీహెచ్‌డీ విద్యార్థులకే పరికరం ఖాళీ లేదని మర్యాదగా రాశారు. ఇంకొకాయన శుభాకాంక్షలు తెలిపారు.

"దేని గురించి రాశావు?"

పిల్ల తండ్రి వైపు చూసి, గొంతు తగ్గించింది. "మా ఇల్లు రైలు పట్టాల దగ్గర కదా మామ్మా. కిరండూల్ నుంచి ఇనుప ఖనిజంతో నిండు రైళ్ళు వస్తాయి, ఖాళీవి వెనక్కి వెళ్తాయి. నిండు రైలు వెళ్తే వంటింటి స్టాండులో స్టీలు గ్లాసులు మోగుతాయి. ఖాళీ రైలుకి మోగవు. అది బరువు వల్ల అనుకుందాం. కానీ వానలు బాగా పడ్డాక నిండు రైలుకి కూడా మోగడం తగ్గిపోతుంది. ఎండలు రాగానే మళ్ళీ మొదలు. ఎందుకలాగ?"

"ఇదే, ఇదే!" అన్నాడు ఆనందరావు. "కన్సల్టెన్సీ ఆయన్ని కూడా ఇదే అడిగిందత్తా, పరువు తీసీసింది. గ్లాసులు పబ్లికేషనుకి పనికిరావమ్మా అన్నాడాయన."

నేను ఆలోచించాను. నేల తడిస్తే కంపనం సాగే తీరు మారుతుంది, అంతవరకు ఊహించగలను. తగ్గుతుందా, పెరుగుతుందా, ఆ నేలలో ఎంత, గ్లాసు దాకా వచ్చేదెంత? "నాకు తెలియదు," అన్నాను. "ముందు ఒకటి తేల్చుకోవాలి. వానల్లో రైలే నెమ్మదిగా వెళ్తోందేమో? అప్పుడు నేలను అనడం ఎందుకు?"

దీవెన కంచం పక్కకు జరిపింది. "అది నేను చూడలేదు," అంది. అంటూనే ఆ పిల్ల ముఖంలో వచ్చిన వెలుగు ప్లాటినం వారి పుస్తకంలో ఏ ఫోటోలోనూ లేదు. "రెండు కరెంటు స్తంభాల మధ్య ఎంతసేపట్లో దాటుతుందో చూస్తే వేగం తెలుస్తుంది కదా మామ్మా?"

"తెలుస్తుంది," అన్నాను దీవెనతో. "నేను చేసే సంతకం ఒక్కటేరా," అన్నాను ఆనందరావుతో. "ఈ పిల్ల అడిగిన ప్రశ్నకు నాకు జవాబు తెలియదు అని రాసి, కింద సంతకం పెడతాను. నానో కణాల మీద పెట్టను."

"తెలీదని రాస్తే సీటిస్తారేటి!" వాడికి నిజంగానే కోపం వచ్చింది. "నువ్వు కాకపోతే ఇంకొకలు పెడతారు అత్తా. సంతకాలకేటి కరువు?"

"కరువు లేదు. పెడతారు," అన్నాను. అది కూడా నిజమే. ఆ పిల్ల పేరు ఆ కాగితం మీదికి వెళ్ళకుండా ఆపే శక్తి నాకు లేదు.

అప్పుడే వాడి ఫోను మోగింది. చెయ్యి ఎంగిలి అని కూతుర్ని నొక్కమన్నాడు. దీవెన ఎడమచేత్తో నొక్కి స్పీకరు పెట్టింది. కన్సల్టెన్సీ ఆయన గొంతు, పాపం, చాలా ఉత్సాహంగా ఉంది. "సార్, నమస్తే! మన పేపరు ఇప్పుడే పంపేస్తన్నాం. అమ్మాయి ఇంటిపేరు ముందు వెయ్యాలా, వెనకా?"

ఆనందరావు నోట్లో ముద్ద ఉంది. దీవెన ఫోను మీదికి వంగింది. "అసలు వెయ్యొద్దండి."

"ఇంటిపేరు వద్దా మేడమ్?"

"ఏ పేరూ వద్దండి."

"ఒసే!" అన్నాడు ఆనందరావు, ముద్ద మింగలేక.

"అదెలాగ మేడమ్? మీరు ప్లాటినం. మొదటి పేరు మీదే. పేపరు పూర్తయిపోయింది, పేరు లేకుండా ఎలా పంపుతాం?"

"రాసింది మీరే కదండీ. మీ పేరే వేసుకోండి."

అవతల ఆయన మొదటిసారిగా వ్యాపారపు గొంతు వదిలేసి, మనిషి గొంతుతో అన్నాడు: "నా పేరా? భలేవారే మేడమ్! రేపు ఎవరైనా అందులో ఏటున్నాదని అడిగితే నేనేటి సెప్తాను?"

"నేనూ అదేనండి," అని దీవెన ఫోను కట్టేసి, చెయ్యి కడుక్కోవడానికి లేచింది.